కెమెరాకు వినబడని ఇల్లు

మన ఇళ్ళ లోపలి భాగాలను ఫోటోలు తీయించి ఒకచోట చేర్చి పెట్టాలనే మాట ఈ మధ్య మనవాళ్ళలో తరచు వినబడుతున్నది. పాత ఇళ్ళు పడిపోతున్నాయి. కొన్నిటిని అన్నదమ్ములు పంచుకొని నడుమ గోడ కట్టుకున్నారు. కొన్నిటి చోట అపార్టుమెంట్లు లేచాయి. ఇంకో పదేళ్ళు ఆగితే తీయడానికి ఏమీ మిగలదు, ఇప్పుడే తీసి పెట్టుకుంటే తమిళ దేశంలో తెలుగువాళ్ళం ఇలా బతికామని మనవళ్ళకు చూపించుకోవచ్చు అంటున్నారు. కోరిక మంచిదే. చేతి ఫోనులోనే కెమెరా ఉన్న ఈ రోజుల్లో పెద్ద ఖర్చు కూడా లేదు. అయితే ఈ పనికి పూనుకునే ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయని నాకు తోస్తున్నది. ఇంటి లోపలి ఫోటో ఆ ఇంటివాళ్ళు ఎవరో చెప్పగలదా? చెప్పేటట్టు చేయడానికి ఆ ఇంటిని మనం సర్దవచ్చునా? ఎవరి ఇల్లు తీయాలి, ఎవరు తీయాలి, తీసినది ఎవరి సొత్తు? పైకి ఇవి ఫోటోలకు సంబంధించిన ప్రశ్నల్లా ఉన్నా నిజానికి ధర్మాధర్మాలకు సంబంధించినవి.

నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ఏళ్ళ తరబడి జమాఖర్చుల మధ్య బతుకుతున్నవాణ్ణి. అయితే అప్పుల పనిమీద ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళడం, ఆ ఇళ్ళ ఫోటోలను ఫైళ్ళలో చూడడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆ అనుభవం తోడుగా ఈ విషయాన్ని నాకు తెలిసినంతలో ఆలోచించి చూస్తాను.

ముందుగా మా రాజపాళయం ఇంటినే తీసుకుందాం. విజయనగర కాలంలోను, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోను తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతమంతటా ఉన్నాయి. పడమటి కనుమల పాదాన ఉన్న మా ఊళ్ళో రాజుల కుటుంబాలు అలా వచ్చినవే. పళయపాళయంలోనో పుదుపాళయంలోనో ఒక పాత ఇంటికి వెళ్ళామనుకోండి. వీధి వైపు తిన్నె, లోపల కూటం, కూటంలో గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల. గోడ మీద ఎత్తున, ముందుకు వంచి తగిలించిన తాతముత్తాతల ఫోటోలు, వాటికి దండలు. పక్కనే సామి పటాలు. ఒక మూల టీవీ, దాని మీద పిల్లల పట్టా ఫోటో. ఇక రాతకోతలు చూడండి. శివకాశిలో అచ్చయిన తమిళ కేలెండరు, బల్ల మీద తమిళ దినపత్రిక, పిల్లల తమిళ పాఠపుస్తకాలు, అలమరలో తమిళంలో ఉన్న రేషను కార్డు, మేకుకు గుచ్చిన తమిళ పెళ్ళి పత్రికలు. ఈ కూటాన్ని ఫోటో తీసి, ఎవరిదో చెప్పకుండా ఒకరికి చూపిస్తే తమిళుల ఇల్లని అంటారు. అలా అన్నందుకు వాళ్ళను తప్పు పట్టలేము. కంటికి కనబడుతున్నదంతా తమిళమే.

మరి తెలుగు ఎక్కడున్నది? వంటింట్లో నుంచి కూటంలోకి వచ్చే కేకలో ఉన్నది. బడికి ఆలస్యమైన పిల్లవాణ్ణి కసురుకోవడంలో ఉన్నది. వచ్చిన అల్లుణ్ణి పలకరించడంలో, పోయినవాళ్ళను తలచుకొని ఏడవడంలో ఉన్నది. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవారు 42 లక్షలకు పైగా ఉన్నారు, అంటే నూటికి 5.87 మంది. వీరిలో చాలామందికి తెలుగు నోటి భాష, చెవి భాష మాత్రమే. చదువు, రాత అన్నీ తమిళంలోనే. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టంతో పదో తరగతి దాకా బడిలో తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. అంతకు చాలా ముందే మన ఇళ్ళలో రాత తమిళానికి, మాట తెలుగుకు అని పంపకం జరిగిపోయింది. తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకునే అవ్వలు, అక్కలు మనలో లేని ఇల్లు తక్కువ. కి. రాజనారాయణన్ (1923–2021) గారి ఇంటి భాష తెలుగు. తెలుగు నేల విడిచి వచ్చినవాళ్ళ కథను ఆయన 1976లో ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశారు. దాని కొనసాగింపుగా వచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మన కథ మనకే మరో భాష అక్షరాల్లో అందిందన్నమాట. అందువల్ల దాని విలువేమీ తగ్గలేదు.

కాబట్టి మన గుర్తు చెవికి సంబంధించినది. కెమెరాకు కన్ను ఉన్నది గాని చెవి లేదు. ఇదే మొదటి చిక్కు.

ఇక్కడ మా ఊరి కుక్క సంగతి ఒకటి చెప్పాలి. తెల్లని ఒళ్ళు, గులాబీ రంగు ముక్కు గల రాజపాళయం కుక్కకు 2005లో తపాలా శాఖ బిళ్ళ వేసింది. ఆ బిళ్ళ మీది బొమ్మ చూస్తే అది ఏ జాతిదో తెలిసినవాళ్ళు చెప్పేస్తారు. కుక్క జాతికి రూపమే ఆధారం. మనుషుల్లో భాషా సమాజం అటువంటిది కాదు. ఒకడు తెలుగువాడని వాడి ముక్కును చూసి చెప్పలేము, వాడి కూటంలోని కుర్చీని చూసి కూడా చెప్పలేము. మన ఇళ్ళను ఫోటోల్లో చూపి ‘ఇదీ తెలుగు ఇల్లు’ అని నిరూపించాలని ఉబలాటపడితే, మనుషులకు కుక్కల పద్ధతిని వర్తింపజేసినట్టే అవుతుంది.

రెండో చిక్కు ఈ మొదటిదాని నుంచే పుడుతుంది. కనబడని దాన్ని కనబడేలా చేయాలంటే సర్దడం మొదలుపెడతాము. తమిళ కేలెండరు తీసేసి తెలుగు కేలెండరు తగిలిస్తే బాగుంటుంది కదా, మురుగన్ పటాన్ని కొంచెం పక్కకు జరిపి వేంకటేశ్వరస్వామిని ముందుకు తెద్దాం, ఒక కొండపల్లి బొమ్మ సంపాదించి బల్ల మీద పెడదాం, ఆవకాయ జాడీ కనబడేలా ఉంచుదాం అంటారు. ఇటువంటి సలహాలు నేను విన్నాను. చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, భాష మీది ప్రేమతోనే అన్నారు.

వ్యాపారశాస్త్రంలో దీనికి ఒక పేరున్నది. విండో డ్రెస్సింగ్ అంటారు. మార్చి 31వ తేదీ నాటికి బ్యాలెన్స్ షీటు బాగా కనబడాలని కొన్ని సంస్థలు ఆ చివరి వారంలో హడావుడి చేస్తాయి. రావలసిన బాకీలను ఎలాగో రాబట్టి, ఇవ్వవలసినవి ఏప్రిలుకు తోసి, చేతిలో నగదు పుష్కలంగా ఉన్నట్టు చూపుతాయి. గమనించవలసింది ఏమంటే, ఆ పట్టికలో ఏ ఒక్క అంకే అబద్ధం కాకపోవచ్చు. ఆ రోజు ఆ నగదు నిజంగానే పెట్టెలో ఉన్నది. అయినా మొత్తం చిత్రం అబద్ధం. ఇల్లు సర్ది తీసిన ఫోటో కూడా ఇంతే. వేంకటేశ్వరస్వామి ఆ ఇంట్లో ఉన్నమాట నిజం, ఆవకాయ తినే మాట నిజం. అన్నీ నిజాలే పేర్చి ఒక అబద్ధం చెప్పవచ్చునని మా చదువులో మొదట నేర్పేవాటిలో ఇది ఒకటి.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. ఫోటోకు నిలబడేటప్పుడు ఎవరైనా తల దువ్వుకోరా, ఉతికిన చొక్కా తొడుక్కోరా? చుట్టం వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చుకోమా? అది కూడా అబద్ధమేనా? కాదు. చుట్టం కోసం ఇల్లు ఊడవడం మర్యాద. అతడు మన ఇంటిని చూసి మన విషయంలో ఏదో తీర్పు చెప్పబోవడం లేదు. విండో డ్రెస్సింగ్ అలా కాదు. చూసేవాడు ఆ పట్టికను నమ్మి ఒక నిర్ణయం చేస్తాడని తెలిసి, ఆ నిర్ణయాన్ని తిప్పడానికే సర్దుతారు. నాకు తోచిన ఒక పరీక్ష చెబుతాను. సర్దడం అయిన తరువాత ఆ ఇంటి పిల్ల బడి నుంచి వచ్చి కూటంలో అడుగుపెడితే, ఇది మా ఇల్లే అనుకుంటుందా? అనుకుంటే అది శుభ్రం చేయడం. గుమ్మంలో ఆగిపోయి ఇదేమిటి అని అడిగితే అది వేషం.

ఇంకొక మాట. తీసి దాచిపెట్టే తమిళ కేలెండరు మనకు పరాయిదా? తరతరాలుగా ఈ నీళ్ళు తాగి, ఈ సంతలో కొని, ఈ ఊరివాళ్ళతో కలిసి తేరు లాగినవాళ్ళం. మురుగన్ మన పటాల్లోకి ఎవరూ బలవంతం చేస్తే రాలేదు. దాన్ని తప్పించి ఫోటో తీస్తే, ఇరుగుపొరుగుతో కలిసి బతకడం మనకు సిగ్గుచేటు అన్నట్టు అవుతుంది. అది వాళ్ళకూ అవమానం, మనకూ అన్యాయం. పైగా ఇందులో ఒక వింత కూడా ఉన్నది. మా విరుదునగర్ జిల్లాలోని శివకాశి నుంచే దేశంలోని అనేక భాషల కేలెండర్లు అచ్చయి వెళతాయి, తెలుగు కేలెండర్లు కూడా. స్వచ్ఛమైన తెలుగు ఇంటి గుర్తుగా విజయవాడ నుంచి తెప్పించుకున్న కేలెండరు మన పక్క ఊళ్ళోనే పుట్టి ఉండవచ్చు. వస్తువుల్లో స్వచ్ఛతను వెదికితే ఇటువంటి చోటికే చేరుకుంటాము.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల నుంచి వేలమంది 1950ల తరువాత న్యూజిలాండుకు ఫ్యాక్టరీ పనుల కోసం వలస వెళ్ళారు. ఆక్లాండ్ నగరంలో వాళ్ళు కాపురముంటున్న ఇళ్ళు బయటికి అందరి ఇళ్ళలాగే ఉంటాయి. లోపల ముందు గదిలో మాత్రం కుటుంబపు ఫోటోలు గోడ పైభాగాన వరుసగా ఉంటాయి, వాటికి దండలు వేలాడుతుంటాయి, పిల్లల పట్టా ఫోటోలకు మంచి చోటు ఇస్తారు. వింటుంటే మన కూటమే గుర్తుకు వస్తుంది. ఆ గదులు కూడా అనేకమంది ఫోటోగ్రాఫర్లను ఆకర్షించాయి. మార్క్ ఆడమ్స్ అనే న్యూజిలాండు ఫోటోగ్రాఫరు 1970ల చివరి నుంచి అక్కడి సమోవా పచ్చబొట్టు కళను ఫోటోలు తీశాడు. ఆయన బయటివాడు. అయితే పచ్చబొట్టు పొడుస్తున్న ఆ గదిలోని తివాచీని, గోడ కాగితాన్ని, పటాలను తప్పించలేదు. ప్రాచీన కళ అద్దె ఇంటి ముందు గదిలో జరుగుతున్నది కాబట్టి అలాగే చూపించాడు. తరువాతి తరంలో ఎడిత్ అమితువానై వచ్చింది. ఆమె ఆక్లాండులో పుట్టిన సమోవా సంతతి ఆడబిడ్డ. తన వాళ్ళ ఇళ్ళలోనే కెమెరా పట్టుకొని తిరిగింది. ఆ తరువాత, రగ్బీ ఆటే ఉద్యోగంగా ఐరోపాకు మళ్ళీ వలసపోయిన సమోవా యువకుల ఇళ్ళకు కూడా వెళ్ళి ఫోటోలు తీసింది. 2007 నాటి ఆ ఫోటోల వరుస 2008లో న్యూజిలాండువారి వాల్టర్స్ ప్రైజు తుది పోటీలో నిలిచింది. తల్లిదండ్రులు ఒక దేశానికి, పిల్లలు మరో దేశానికి పోతే ఇల్లు అనే మాటకు అర్థమేమిటని ఆ ఫోటోలు అడుగుతాయి. అమెరికాలో ఉన్న మన పిల్లల అద్దె ఇళ్ళను తలచుకుంటే ఆ ప్రశ్న మనకూ తగులుతుంది.

వాళ్ళ చరిత్రలో చేదు కూడా ఉన్నది. 1970ల నడుమ, వీసా గడువు దాటినవాళ్ళను పట్టుకొనే పేరుతో అక్కడి పోలీసులు తెల్లవారకముందే ఈ దీవులవాళ్ళ ఇళ్ళమీద పడ్డారు. నిద్రలో ఉన్నవాళ్ళను లేపి కాగితాలు చూపించమన్నారు. 2021 ఆగస్టు 1న అప్పటి ప్రధానమంత్రి జసిండా ఆర్డర్న్ ప్రభుత్వం తరపున బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ సభలో ఆమె సమోవా ఆచారం ప్రకారం ఒక చాప కింద తల వంచి కూర్చున్నది, దీవులవాళ్ళు ఆ చాపను పైకెత్తి ఆమెను మన్నించారు. మొగలి జాతి ఆకులను సన్నగా చీల్చి అల్లే అటువంటి చాపలు ఆ కుటుంబాలకు ప్రాణంతో సమానం. వాళ్ళ ఇళ్ళలోకి చొరబడిన ప్రభుత్వం ఆ ఇళ్ళలో అపురూపంగా దాచుకునే వస్తువు కిందనే తల వంచవలసి వచ్చింది. ఒకే గుమ్మంలో నుంచి పోలీసు లోపలికి వెళ్ళాడు, ఫోటో తీసే ఆడబిడ్డా వెళ్ళింది. ఇద్దరూ చూసినవి అవే గోడలు. తేడా ఎక్కడున్నదంటే, ఎవరు రమ్మన్నారు అనే దగ్గర ఉన్నది.

ఇక్కడే మా ఉద్యోగం సంగతి వస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు అడిగితే వాల్యుయరు వచ్చి కొలతలు తీసుకుంటాడు, ముందు భాగాన్నీ లోపలి గదులనూ ఫోటోలు తీసి నివేదికకు జత చేస్తాడు. బ్యాంకు ఆఫీసరు కూడా ఒకసారి వెళ్ళి చూసి రావాలి. అప్పు చెడిపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద తలుపుకు నోటీసు అంటిస్తారు. ఆ తరువాత ఇల్లు స్వాధీనం చేసుకునే రోజు వస్తే లోపలి సామాను పట్టిక రాస్తారు. ఆ పట్టికలో తాతగారి ఫోటో ‘ఫ్రేము ఒకటి’ అవుతుంది. అది రాసేవాడి తప్పు కాదు. అతని కాగితంలో జ్ఞాపకాలకు కాలమ్ లేదు.

ఈ జిల్లాలోనే ఒక పల్లెకు అటువంటి ఇన్‌స్పెక్షన్ పనిమీద వెళ్ళాను. మనవాళ్ళ ఇల్లే. వాల్యుయరు కెమెరా బయటికి తీయగానే ఇంటి పెద్దావిడ నన్ను తెలుగులోనే అడిగింది.

“ఫోటో తీసేది ఇంటినా, మమ్మల్నా నాయనా?”

“ఇంటినే అవ్వా” అన్నాను.

“అట్లయితే మేము పక్కకు జరుగుతాం లే” అని కోడలినీ పిల్లలనూ పిలుచుకొని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఫైల్లో చేరిన ఫోటోలో కూటం ఖాళీగా ఉన్నది. ఉయ్యాల బల్ల, పటాలు, కిటికీ, గచ్చు అన్నీ ఉన్నాయి. బ్యాంకుకు కావలసింది అంతే, అందులో పొరపాటు లేదు. కాని ఆ అవ్వ వేసిన ప్రశ్న బ్యాంకు ఫైలును దాటిపోయింది. మన ఇళ్ళను భద్రపరచాలని కెమెరా పట్టుకొని బయలుదేరే మనం ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాము? తీసేది ఇంటినా, మనుషులనా? ఇంటినే అయితే, మాటలాడేవాళ్ళు పెరట్లో నిలబడి ఉండగా ఖాళీ గదిని తీసి దాన్ని తెలుగు ఇల్లని పిలుస్తున్నాము. మనుషులనే అయితే వాళ్ళు ఒప్పుకోవాలి. ఎక్కడ నిలబడాలో, ఏ గది తలుపు మూసి ఉండాలో వాళ్ళే చెప్పాలి. ముఖ్యంగా ఆడవాళ్ళు చెప్పాలి. చాలా ఇళ్ళలో ఫోటోకు సరే అనేది కూటంలో కూర్చున్న మగవాడు. ఆ ఇంట్లో తెలుగును నిలబెట్టింది మాత్రం వంటింట్లోని ఆడమనిషి. ఆమెను అడగకుండా ఆమె వంటింటిని మన సంస్కృతి అని అచ్చువేస్తే అది మర్యాద కాదు.

మూడో చిక్కు ఇంకా లోతైనది. ఎవరి ఇళ్ళు తీయాలి? ఈ మాట రాగానే మన మనసుల్లో మెదిలేవి టేకు స్తంభాల ఇళ్ళు, రాతి తిన్నెల ఇళ్ళు, ఇత్తడి గుబ్బల తలుపుల ఇళ్ళు. చెట్టినాడు మేడల ఫోటోలు లోకమంతా తిరిగాయి కాబట్టి మనకూ అటువంటివి కావాలనిపిస్తుంది. అదే కారైకుడిలో పాత ఇళ్ళ తలుపులు, స్తంభాలు, పటాలు ఊడదీసి అమ్మే దుకాణాలు ఉన్నాయని కూడా గుర్తుంచుకోవాలి. అది అలా ఉంచి, తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్ళందరికీ స్తంభాల ఇళ్ళు ఉన్నాయా? అరుంధతీయుల్లో ఎన్నో కుటుంబాల ఇంటి భాష తెలుగు. ఊళ్ళను శుభ్రంగా ఉంచే చాకిరీ తరతరాలుగా వాళ్ళ నెత్తిన పెట్టారు. 2009లో గాని తమిళనాడు ప్రభుత్వం వాళ్ళకు ప్రత్యేకంగా 3 శాతం రిజర్వేషను ఇవ్వలేదు. దేవాంగుల్లో మగ్గం గుంట పక్కనే పడుకునే సంసారాలు ఉన్నాయి. మా ఊరి మిల్లుల్లో, చత్రపట్టి బ్యాండేజి గుడ్డ మగ్గాల మీద పనిచేసి ఒంటి గది అద్దె ఇంటికి చేరే తెలుగువాళ్ళు ఉన్నారు. వాళ్ళ గదిలో ఫోటోకు పనికివచ్చే వస్తువులేమీ ఉండకపోవచ్చు. ఒక ఇనుప బీరువా, ఒక టీవీ, గోడకు తారకం. అక్కడ రాత్రి బిడ్డను నిద్రపుచ్చే మాటలు మాత్రం తెలుగులోనే.

ఇంటి ఫోటోను గుర్తింపుకు ఆధారంగా పెట్టుకుంటే, చూపించుకోవడానికి ఇల్లు లేనివాడికి గుర్తింపు లేకుండా పోతుంది. బ్యాంకుల్లో చాలాకాలం ఇదే అన్యాయం నడిచింది. తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉన్నవాడికే అప్పు. లేనివాడు ఎంత నిజాయితీపరుడైనా వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవలసిందే. 1992లో నాబార్డు స్వయం సహాయక బృందాలకు బ్యాంకు అప్పులిప్పించే పథకం మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతి కొంత మారింది. పదిహేను, ఇరవైమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చొని, వారం వారం పొదుపు చేసుకొని, ఒకరికొకరు పూచీ ఉంటే ఇల్లూ పొలమూ తాకట్టు లేకుండానే అప్పు ఇచ్చారు. అక్కడ తాకట్టు పెట్టింది మాట. మన భాషలో మాట అంటే పలుకు, మాట అంటే ఇచ్చిన వాగ్దానం కూడా. మాట తప్పడం, మాట మీద నిలబడడం అంటాము. తెలుగువాళ్ళం అని చెప్పుకోవడానికి మనకున్న పూచీ కూడా అదే అనుకుంటాను. స్తంభాల ఇంటివాడికీ ఒంటి గదివాడికీ అది సమానంగా ఉన్నది. దాన్ని తగ్గించి స్తంభాలను పెద్ద చేస్తే, మన సంచిక చూడడానికి అందంగా ఉంటుంది గాని సగంమంది తెలుగువాళ్ళను బయటికి నెట్టినట్టే.

అయితే ఫోటోలే వద్దంటారా అని అడగవచ్చు. వద్దనడం లేదు. ఫోనులో మాట కూడా పట్టుకోవచ్చు గదా, అవ్వల మాటలు రికార్డు చేసుకుంటే చాలదా అని కూడా అనవచ్చు. తప్పకుండా చేసుకోవాలి. కాని ఫోటోకు దాని పని దానికి ఉన్నది. మాట ఏ గాలిలో పలికిందో, దాని చుట్టూ ఏ పటాలు, ఏ పాత్రలు, ఏ తమిళ కాగితాలు ఉన్నాయో ఫోటో చూపుతుంది. ఒకటి లేకుండా రెండోది సగమే. బ్యాలెన్స్ షీటు ఒక తేదీ నాటి స్థితిని చూపుతుంది. దాని వెనుక రోజువారీ చిట్టా లేకపోతే ఆడిటరు సంతకం పెట్టడు. ఇంటి ఫోటో బ్యాలెన్స్ షీటు వంటిది. ఆ ఇంట్లో రోజూ జరిగే మాటలు చిట్టా.

ఇల్లు నలుగురిదీ కావడంలో తప్పు లేదని చెప్పడానికి మా ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉన్నది. పి.ఎస్. కుమారస్వామి రాజా గారు తెలుగు మాట్లాడే రాజుల కుటుంబంలో పుట్టి 1949 నుంచి 1952 దాకా మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రాన్ని మద్రాసు నుంచి విడదీయడానికి 1949లో వేసిన పార్టిషన్ కమిటీకి అధ్యక్షులు కూడా ఆయనే. ఒక చేతిలో తమిళం, ఒక చేతిలో తెలుగు పట్టుకొని రెంటి నడుమ గీత గీయవలసిన పని ఆయనకు పడింది. అటువంటి ఆయన తన సొంత ఇంటిని గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. ఒక కుటుంబం ఉన్న ఇల్లు ఊరివాళ్ళ చదువుకూ కళలకూ నెలవయింది. అది ఇంటి యజమాని చేతులారా ఇచ్చినది కాబట్టి గౌరవంగా నిలిచింది. ఎవరూ తీసుకోలేదు, ఆయన ఇచ్చారు. ఇంటి ఫోటో విషయంలోనూ ఇదే కొలత సరిపోతుంది. ఇచ్చినదైతే మంచిది. ఇచ్చేవాళ్ళకు కాదనే హక్కు ఉన్నప్పుడే అది ఇచ్చినట్టు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఫోటోలు తీయాలి. ఉన్నది ఉన్నట్టు, తమిళ కేలెండరుతో సహా తీయాలి. వీలైతే ఆ ఇంటి పిల్లల చేతనే తీయించాలి. మొదటి ప్రతి ఆ ఇంటికే ఇవ్వాలి, వాళ్ళు వద్దన్నది అచ్చులో వేయకూడదు. పది స్తంభాల ఇళ్ళు తీస్తే పది ఒంటి గదులు కూడా తీయాలి. ప్రతి ఫోటోతోపాటు ఒక కాగితం జత చేయాలి. ఫోటోలో కనబడే వస్తువులను ఆ ఇంట్లో ఏమని పిలుస్తారో ఆ కాగితం మీద రాయాలి. పుస్తకాల తెలుగు వద్దు, మనం దిద్దవద్దు. వాళ్ళ నోట వచ్చిన మాటే, తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయనివ్వాలి. ఒక వస్తువుకు అవ్వ ఒక పేరు చెప్పి, మనవరాలు తమిళ పేరు చెబితే రెండూ పక్కపక్కన రాయాలి. మనవరాలికి ఏ పేరూ తెలియకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచాలి. ఆ ఖాళీని మనం నింపకూడదు. ఎన్ని ఖాళీలు ఉన్నాయో లెక్కపెట్టుకుంటే, ఫోటోలు భద్రపరచడం కంటే ముందు చేయవలసిన పని ఏ ఇంట్లో ఎంత ఉన్నదో మనకే తెలుస్తుంది.